ఆముదం కొమ్మల ఆదివారం

పోయిన శనివారం సాయంత్రం చర్చికి పోయిన. మోకాళ్లు నా మాట వినడం మానేసి రెండేండ్లు దాటింది కాబట్టి ఆటోల పోయిన. పనేమీ లేదు. తెల్లారి ఆరాధనకు బల్ల మీద పూలు ఎట్ల పెట్టినరో చూసి, బాగున్నయనో బాగలేవనో ఒక మాట అని రావడమే. రిటైరైన మనిషికి ఇంతకు మించిన హోదా దొరకడం కష్టం. ఇప్పుడు పూలు పెట్టేది కెజియా, మా తమ్ముని కొడుకు బిడ్డ. మొన్ననే ఇరవై ఒకటి నిండినయి. నేనే నేర్పించి, నా జాగల నిలబెట్టిన. లోపలికి పోయి చూస్తే ప్రభువు బల్లకు రెండు పక్కల ఉన్న ఇత్తడి పూలవాజులల్ల ఆముదం కొమ్మలు ఉన్నయి. ఎర్రటి కాడలు, అరచెయ్యి చాపినట్టు విచ్చుకున్న పెద్దాకులు, మెత్తని ముళ్ల కాయల గెలలు. నడుమ ఒకే ఒక్క తెల్ల లిల్లీ కాడ, ఎవరి పెండ్లికో పోబోయి ఇక్కడికి వచ్చినట్టు నిలబడ్డది. నేను ముందు బెంచీ మీద కూసున్న. ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలే. ఎందుకంటే యాభై ఏండ్ల కింద ఇదే బల్ల మీద, ఇవే వాజులల్ల, ఇవే కొమ్మలు పెట్టిన మనిషిని నేను. అప్పుడు ఎందుకు పెట్టిన్నో ఇప్పటిదాంక ఎవరికీ చెప్పలే. చెప్పకున్నా ఈ పిల్లకు అదే ఆలోచన వచ్చిందంటే, ఆముదం చెట్టులోనే ఏదో ఉండాలె.

మా అమ్మానాన్నలు టేక్మాల్‌ల ఉండేటోళ్లు. నాన్న అక్కడి బడిల సారు. చదువు కోసం నన్ను మెదక్‌ల మా రాహేలు పెద్దమ్మ దగ్గర పెట్టినరు. పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. పెండ్లి చేసుకోలే. ఆమె చిన్నపిల్లల బడిల టీచరు. వారంల అయిదు దినాలు పిల్లలను, ఆరో దినం ఆకులను వరుసల నిలబెట్టేది. ఏడో దినం మమ్మల్ని. ఆ ఇంట్ల నాకు మొదట గుర్తొచ్చేది వాసన. శుక్రవారం సాయంత్రం నుంచే మొదలయ్యేది: బకెట్ల నానుతున్న కాడల పచ్చి వాసన, చింతపండుతోని తోమిన ఇత్తడి వాసన, నలిగిన నీలగిరి ఆకు జలుబు మందు వాసన, వీటన్నిటి మీదికెల్లి కిరసనాయిలు స్టవ్వు. ఇప్పటికీ ఎవరింట్లనన్న చింతపండు పిసికితే నాకు ఆరాధనకు ఆలస్యమైతున్నట్టే అనిపిస్తది.

శుక్రవారం బడి విడిచినంక పెద్దమ్మ గుడ్డసంచి పట్టుకుని ఊరి మీద పడేది. వేరే వాళ్లు బజారుకు పోతే దుకాణాలు చూస్తరు. ఆమె గోడల మీదికెల్లి లోపలి చెట్లు చూసేది. డాక్టరు గారి కాంపౌండుల క్రోటన్లు, బావి గట్టున కత్తుల్లాగ నిటారుగ నిలబడే చాగ ఆకులు, చెరువు దిక్కు పోయే తొవ్వల సరుగుడు కొమ్మలు, ఎవరింటి వెనుక ఏమున్నదో ఆ ఇంటోళ్లకన్న ఆమెకు ఎక్కువ ఎరుక. దర్వాజ కొట్టి, "మీ క్రోటన్ ఈ వారం మంచిగ రంగు తిరిగిందమ్మా" అనేది. ఇంటోళ్లు మురిసిపోయి రెండు కొమ్మలు ఇచ్చేటోళ్లు. పువ్వుల మీద ఆమెకు పెద్ద గౌరవం లేకుండె. "పువ్వు ఎట్లైన నవ్వుతది, దాని పని అదే. నిలబెట్టేది ఆకు కాడ" అనేది. ముందు ఎముకలు, అంటే నిటారు కొమ్మలు. వాటిల పొడుగుది వాజు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉండాలె. తర్వాత కండ, అంటే పక్కలకు వాలే కొమ్మలు. పువ్వులు ఆఖరుకు, ముఖానికి పౌడరు అద్దినట్టు. బంతిపూలు గుత్తులు గుత్తులు కుక్కి పెట్టినోళ్లను చూస్తే పౌడరు డబ్బ మీద పడ్డ మనిషిని చూసినట్టు చూసేది.

ఇంకొక సంగతి కూడా నేర్పింది; కథంత దాని మీదనే నడుస్తది. కొన్ని కొమ్మలు కోసినంక నీళ్లు తాగవు. పాలు కారేవి, లోపల గుల్లగ ఉండేవి. ఆముదం అసలే గుల్ల. సాయంత్రం వాజుల పెడితే పొద్దటికి ఆకులన్ని తడిబట్టల్లాగ వేలాడుతయి. కానీ కోసిన మొదలును మంట మీద నల్లబడేదాంక కాల్చి, వెంటనే నీళ్లల్ల పెడితే రెండు దినాలు తల దించవు. దీన్ని మా ఇంట్ల మొదలు కాల్చుడు అనేటోళ్లం. ఎందుకు అట్లైతదో తర్వాత ముప్పై ఏండ్లు బాటనీ పాఠం చెప్పిన నేను వివరంగ చెప్పగలను. పెద్దమ్మ మాత్రం, "రోషం పుడుతది, అంతే" అనేది. నా పాఠంకన్న అదే పిల్లలకు తొందరగ అర్థమైతుండె.

నేను డిగ్రీల ఉన్నప్పుడు పెద్దమ్మ వేళ్లు వంకర పోవడం మొదలైంది. కీళ్లవాతం. దవాఖానల ఇచ్చిన గోలీలకు కడుపు నొచ్చింది కానీ వేళ్లు సాఫు కాలే. కత్తెర మూతపడదు, కొమ్మ వంగదు. అప్పుడు నా చేతులు ఆమెవి అయినయి. ఆమె ముందు బెంచీ మీద కూసుని చెప్తది, నేను బల్ల దగ్గర నిలబడి చేస్త. ఆమె నోరు, నా చేతులు. జోడీ మంచిగ కుదిరిందని అందరు అన్నరు. చేతులను ఎవరూ అడగలే. మా చర్చిల రాసిపెట్టని నియమం ఒకటి ఉంది: బల్ల మీద పూలు పెట్టిన చెయ్యి, ఇంకో చెయ్యి వచ్చి అందుకునేదాంక ఆగకూడదు. పెద్దమ్మకు ముందు ఎవరో దొరసాని పెట్టేదట. ఆమె ఓడ ఎక్కి పోతే పెద్దమ్మకు వచ్చింది. అప్పుడు పెద్దమ్మకు ఇరవై రెండేండ్లు. ఆమె కూడ ఎటన్న పోవాలనుకున్నదా అని నేను ఎన్నడు అడగలే. అడగాల్సినవి చాన ఉంటయి, వాటిల అదొకటి.

నఫీసా నా దోస్తు. వాళ్ల అబ్బా బజార్ల గిన్నెలకు కళాయి పూసే దుకాణం నడిపేటోడు; మా వాజుల లోపలి కళాయి కూడ ఆయన చేతిదే. ఇద్దరం హైదరాబాద్‌ల ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టినం. ఇద్దరికీ సీటు వచ్చింది. ఒకటే హాస్టలు. నఫీసా వాళ్ల అబ్బా మొహల్ల అంత మిఠాయి పంచిండు. నేను శనివారం దాక ఆగి, చేతిల క్రోటన్ కొమ్మ ఉన్నప్పుడు చెప్పిన.

"పెద్దమ్మా, సీటు వచ్చింది."

"మంచిదే గద బిడ్డా. ఆ కొమ్మ జర ఎడమకు వంచు."

"ఈ నెలాఖరు లోపల చేరాలె."

"చేరుదువు తియ్. ఇంకొకరు దొరకనియ్యి."

"ఎవరు ఎతుకుతున్నరు?"

"దేవుడు చూపిస్తడు. మరీ అంత వంచకు, ఇరుగుతది."

దేవుడు ఆ పని మీద ఉన్నట్టు నాకు ఎక్కడా ఆనవాలు కనిపించలే. మూడు ఆదివారాలు గడిచినయి. చర్చి అయ్యగారిని అడిగితే ఆయన మెత్తగ నవ్వి, "నీ అంత ఓపిక ఎవరికుంటది చెల్లెమ్మా" అన్నడు. మెచ్చుకోలుతోని మనిషిని కట్టెయ్యచ్చని నాకు అప్పుడు తెలిసింది. తాడైతే విప్పుకోవచ్చు. ఇంట్ల కేకలేసేటోళ్లు, కొట్టేటోళ్లు ఉంటే పారిపోవడానికి ఒక మర్యాద ఉంటది. మా ఇంట్ల అందరు మంచోళ్లు. పొద్దున లేస్తే పెద్దమ్మ వంకర వేళ్లతోని నా జడ వేయాలని చూసేది, రాక, నవ్వి వదిలేసేది. ఇసొంటి ఇంట్లకెల్లి ఎటు దునుకుతరు?

ఉపాయం చెప్పింది నఫీసానే. కళాయి దుకాణం వెనుక అరుగు మీద కూసుని, "ఒక్కసారి ఖరాబు చెయ్యవే. మస్తు ఖరాబు చెయ్యి. వాళ్లే నిన్ను ఇంటికి పంపిస్తరు" అన్నది.

"ఖరాబు చెయ్యనీకె చెయ్యి రావద్దా? పెద్దమ్మ మంచిగ నేర్పింది."

"అయితే చెయ్యితోని గాదు, దిమాగ్‌తోని చెయ్యి. పూలు పెట్టకు. మోరి పక్కన ఏది మొలిస్తె అది పెట్టు."

మా ఇంటి వెనుక మురికినీళ్లు పారే మోరి పక్కన ఆముదం మొలిచి ఉండె. నాలుగవ శనివారం, "చేతులు నొస్తున్నయి గద, నువ్వు ఇంట్లనే ఉండు" అని పెద్దమ్మను ఆపి, ఒక్కదాన్నే పోయిన. పొడుగు కొమ్మలు నాలుగు, వంకరవి రెండు. నడుమ పువ్వు ఒక్కటే. మొదలు మాత్రం కాల్చలే. పొద్దున అందరు వచ్చేసరికి ఆకులన్ని బల్ల మీద సొమ్మసిల్లి పడి ఉంటయి, సంఘపెద్దలు ముక్కు మీద వేలేసుకుంటరు, పద్ధతి తెలువని పిల్ల అంటరు, నేను ఏడ్చినట్టు చేస్త, సోమవారం బస్సు. ఇంతకన్న సాఫు లెక్క నేను తర్వాత ఏ పరీక్షల కూడ చెయ్యలే.

ఇంటికొస్తే పెద్దమ్మ పళ్లెంల జొన్నరొట్టె తుంచుకుంటున్నది. "ఏం పెట్టినవ్ బిడ్డా?"

"ఆముదం."

తుంచిన ముక్క చేతిలనే ఆగింది. తర్వాత, "మొదలు కాల్చినవా?" అన్నది.

"ఆ, కాల్చిన."

ఆమె తల ఊపి, రొట్టె తిన్నది. అంతే.

ఆదివారం తెల్లారంగ లేచి చూస్తే పెద్దమ్మ మంచం ఖాళీ. పాలకు పోయింది అనుకున్న. తానం చేసి, తెల్ల చీర కట్టుకుని, ఏడ్పు ముఖం సిద్ధం చేసుకుని చర్చికి పోయిన. ఆముదం కొమ్మలు కవాతుకు వచ్చిన జవాన్ల లెక్క నిలబడి ఉన్నయి. ఒక్క ఆకు వాలలే. కిటికీలకెల్లి పడ్డ ఎండకు కాడలు ఎర్రగ వెలుగుతున్నయి. పాపం దాచకుండ చెప్తున్న, అంత అందమైన అమరిక నేను అంతకుముందు చెయ్యలే, ఆ తర్వాత కూడ చెయ్యలే.

అయ్యగారు ప్రసంగం పక్కన పెట్టిండు. బల్ల దిక్కు చెయ్యి చాపి, "గులాబీలు ఎవరైన తెస్తరు. మోరి పక్కన మొలిచినదానికి దేవుని బల్ల మీద జాగ ఇచ్చింది మన చెల్లెమ్మ సునంద. మనం తొక్కుకుంట పోయినదాన్ని ఆమె చూసింది" అన్నడు. అందరు నా దిక్కు తిరిగి చూసినరు. ఒకామె కండ్లు తుడుచుకున్నది. నేను తల దించుకున్న. అది వినయమని అనుకున్నరు. పెద్దమ్మ మాత్రం ముందు బెంచీల కూసుని, బల్లనే చూస్తున్నది. ఆ వారంలనే కుల్చారం నుంచి ఒక పెండ్లివాళ్లు, ఎల్దుర్తి నుంచి ఒక పండుగవాళ్లు వచ్చి, "మాకు కూడ ఆ ఆముదమే పెట్టాలె" అని కూసున్నరు. నేను తవ్విన సొరంగం నేరుగ మా ఇంటి నడిమింట్ల తేలింది.

సోమవారం వాజులు కడగనీకె పోయి కొమ్మలు బయటికి తీస్తే, ఆరింటి మొదళ్లు నల్లగ ఉన్నయి. మసి మీద మైనం చుక్కలు. చర్చి కొవ్వొత్తి. ఆ వేళ్లతోని ఒక్కొక్క కొమ్మను మంట మీద పట్టి, తిప్పి, మళ్ల నేను పెట్టినట్టే వాజుల పెట్టింది. నేను వాటిని పట్టుకుని ఇంటిదాంక పోయిన, ఇయ్యాల తేల్చుకోవాలె అని. పెద్దమ్మ అరుగు మీద బియ్యం ఏరుతున్నది. కుడిచేతి బొటనవేలు మీద కాలిన బొబ్బ, రూపాయి బిళ్లంత.

"ఏం కాలింది పెద్దమ్మా?"

"చాయ్ గిన్నె."

"జర చూసుకోవద్దా."

"చూసుకుంట తియ్."

నేను కొబ్బరినూనె తెచ్చి రాసిన. కొమ్మలు గోడ అవతల పారేసిన. అబద్ధానికి అబద్ధం చెల్లయిపోయింది. కోపం తెచ్చుకుందామంటే ఆ బొబ్బ అడ్డమొచ్చింది. ఇప్పటిదాంక అక్కడనే ఉంది. ఆమె నన్ను పట్టి ఉంచాలని కాల్చిందా, నా పేరు చెడొద్దని కాల్చిందా, ఉత్త ఆకు వాలితే చూడలేక కాల్చిందా, నాకు తెలువదు. మూడూ అయ్యుంటయి. ఆమె పోయినంక కూడ ఆ లెక్క తెగలే.

నెలాఖరుకు నఫీసా బస్సెక్కింది. కిటికీలకెల్లి తల బయటపెట్టి, "నీ ఆకులు నీకే ముబారక్" అని తిట్టి, నాకన్న ఎక్కువ ఏడ్చింది. నేను తర్వాత ప్రైవేటుగ చదువుకుని, ఊర్లనే కాలేజీల చేరి, ఊర్లనే పెండ్లి చేసుకుని, ఊర్లనే రిటైరయిన. దుఃఖపడ్డానని చెప్పను. శనివారాలు మాత్రం ఎక్కడికీ పోలే. తీర్థాలు, పెండ్లిండ్లు, ఆఖరుకు మా ఆయన ఆపరేషను కూడ శనివారం తప్పించి పెట్టించిన. నలభై ఎనిమిదేండ్లల్ల ఇంకొకరు దొరకలే. ఎవరూ ఎతకలే కాబట్టి. నేను కూడ ఎతకలే. అది గుర్తుకొస్తే కొంచెం చిరాకుగ ఉంటది.

ఇప్పుడు అంత మారింది. పచ్చరంగు స్పాంజి ఇటుకలు వచ్చినయి. దేన్ని గుచ్చితే అది నిలబడుతది. ఆకులు బెంగుళూరు నుంచి అట్టపెట్టెలల్ల వస్తయి. పెండ్లి స్టేజీల మీద ప్లాస్టిక్ ఆకుల గోడలు. దుమ్ము దులిపి రెండో పెండ్లికి వాడుతరు. గోడ మీదికెల్లి లోపలికి తొంగిచూసి ఒక కొమ్మ ఇయ్యుండ్రి అని అడిగితే ఇప్పుడు ముందు కెమెరా చూస్తది, తర్వాత కుక్క. ఇవన్ని మారినయి కానీ, ఆ రెండు వాజులు మారలే, ఆ నియమం మారలే. కెజియాకు హైదరాబాద్‌ల ఏదో డేటా కోర్సుల సీటు వచ్చింది. అది ఏందో నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ అర్థమైనట్టు తల ఊపిన. ఈ నెల మొదట్ల నా పక్కన నిలబడి ఆకులు తుడుచుకుంట, "అమ్మమ్మా, నెలాఖరుకు చేరాలె" అన్నది. నేను ఏమన్నానో వినుండ్రి: "చేరుదువు తియ్ బిడ్డా. ఇంకొకరు దొరకనియ్యి." నా నోట్లకెల్లి పెద్దమ్మ మాట్లాడింది. అప్పుడు నాకు ఏమీ అనిపించలే. పైగా, ఈ కొమ్మ జర ఎడమకు వంచు అని కూడ అన్న.

అదంత ఆ ముందు బెంచీ మీద కూసున్నప్పుడు, ఆ ఆముదం కొమ్మలు చూసినంక తెలిసొచ్చింది. లేచి, బల్ల పట్టుకుని నడిచి, ఒక కొమ్మ బయటికి తీసిన. మొదలు పచ్చగ, తడిగ ఉంది. కాల్చలే. నేర్పింది నేనే, మరిచిపోయే పిల్ల కాదు. నా సంచిల అగ్గిపెట్టె ఎప్పుడూ ఉంటది, పాత అలవాటు. బల్ల మీద కొవ్వొత్తులు ఉన్నయి. అయిదు నిమిషాల పని. కాలిస్తే పొద్దటికి కొమ్మలు కవాతు చేస్తయి, కొత్త అయ్యగారు ఫోటో తీసి గ్రూపుల పెడతరు, ఈ పిల్ల కూడ డెబ్బై ఏండ్లు వచ్చేదాంక శనివారాలు ఎక్కడికీ పోదు. చెయ్యి సంచిలకు పోయింది కూడ. నిజం చెప్పాలంటే మంచి అమరిక వాడిపోతుంటే ఊకె చూసుడు నాకు ఇంతకుముందు చేతకాలే. పెద్దమ్మకూ చేతకాలే అనుకుంట.

వెనుక గదిల చేతులు కడుక్కుంటున్న కెజియా బయటికి వచ్చి, నా చేతిల కొమ్మ చూసి ఆగిపోయింది.

"ఎట్లుంది అమ్మమ్మా?"

"మొదలు కాల్చినవా?"

"ఆ, కాల్చిన."

యాభై ఏండ్లల్ల ఆ అబద్ధం ఒక్క అక్షరం అరగలే. నేను కొమ్మను తీసిన జాగలనే పెట్టిన. "మంచిది. పా, ఆటో పిలువు" అన్న.

ఆదివారం పొద్దున ఆకులు బల్ల అంచు మీదికెల్లి కిందికి వేలాడుతున్నయి. ఒక గెల బల్లగుడ్డ మీద పండుకుంది. సంఘపెద్ద ఒకాయన గొంతు సవరించుకుని, "ఏందమ్మా గిది? పండుగ దగ్గరపడ్డది, గిట్లైతె ఎట్ల?" అన్నడు. అందరు నా దిక్కు చూసినరు. పూల విషయంల నా మాటనే ఆఖరు మాట; ఈ హోదా ఏదో ఒక దినం పనికొస్తదని నేను అనుకోలే. బెంచీ పట్టుకుని లేచిన.

"పిల్లకు చెయ్యి తిరగలే. నేర్పిన నాదే తప్పు. ఇంకొకరిని చూసుకోండ్రి."

"ఎవరున్నరమ్మా ఇప్పటికిప్పుడు?"

"ఎవరూ లేకుంటె ఖాళీగ ఉండనియ్యుండ్రి. బల్ల పడిపోదు."

కెజియా వెనుక బెంచీల తల దించుకున్నది. చెవులు ఎర్రబడ్డయి. సిగ్గని అనుకున్నరు. పక్కనున్నామె భుజం తట్టి ఓదార్చింది. నేను ఇంకోసారి ఆ వాజుల దిక్కు చూసిన. వాలిపోయినా కొమ్మల వంపు తెలుస్తనే ఉంది: పొడుగుది ఒకటిన్నర ఎత్తు, వంకరది ఎడమకు. నా దానికన్న బాగుండె. ఆ సంగతి ఎవరికీ చెప్పలే.

ఆరాధన అయినంక గేటు దగ్గర ఆటో ఎక్కిస్తూ పిల్ల నా చెయ్యి పట్టుకుని వదలలే. "అమ్మమ్మా, నీకు తెలుసా?"

"ఏం తెలుసు?"

"ఏం లే."

"బస్సు ఎన్నిటికి?"

"రేపు పొద్దున ఏడుకు."

"జర తొందరగ లే."

ఇంటికొచ్చి సంచిలకెల్లి అగ్గిపెట్టె తీసి పొయ్యి పక్కన పెట్టిన. చాయ్‌కి పనికొస్తది.